గడియారం కసిరిన రాత్రి

గ్దాన్స్క్ ఆస్పత్రిలో నాది నాలుగో అంతస్తు.
నేల తుడవడం పని.
కొత్త ఏడాదికి ఇర్మీనా మేడమ్
మా అందరి మణికట్లకీ తలో గడియారం తగిలించింది.
అడుగులు లెక్కపెడుతుందట.
పన్నెండు వేలు దాటితే గోడమీద పేరు.

జనవరంతా నా పేరే పైన.
అక్కర్లేని మెట్లు కూడా ఎక్కేదాన్ని,
ట్రామ్ ఒక స్టాపు ముందే దిగి
బాల్టిక్ గాలికి ముక్కు ఎర్రబడేలా నడిచేదాన్ని.
చెల్లెలు ఫోన్ చేస్తే
గదిలో గిరగిరా తిరుగుతూనే ఊ కొట్టేదాన్ని.
ఏం చెప్పిందో మాత్రం అడక్కండి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, పదిహేడో గది.
ఒకప్పుడు ఓడరేవులో క్రేన్ నడిపిన జెనోన్ గారు
కమలాపండు తొక్క తెగకుండా ఒలుస్తానన్నాడు.
"చూస్తూ ఉండు" అన్నాడు.
తుడుపుకర్ర గోడకానించి నిలబడ్డాను.
ఆయన వేళ్ళు వణుకుతున్నాయి.
తొక్క దిగుతోంది, సన్నగా,
తెగుతుందా, తెగదు.
మణికట్టు మీద జుమ్మంది:
చాలాసేపుగా మీరు కదల్లేదు, కదలండి.

కదల్లేదు.

చివర్లో తెగింది.
ఇద్దరం నవ్వాం. సగం తొనలు నాకు పెట్టాడు.

గడియారం ఇప్పటికీ పెట్టుకుంటాను, టైము తెలియాలిగా.
గోడమీద నా పేరు ఎక్కడో అడుగున.
పొద్దున్నే ముందు చెల్లెలికి ఫోన్,
కుర్చీలో కూర్చుని.
రాత్రి, కరెంటు బిల్లు వెనక
ఒక్క ముక్క రాస్తాను.
నిన్నటిది: చెల్లెలికి మోకాలి నొప్పి, ఎడమది.
మొన్నటిది: ఏమీ లేదు, ఊరికే తుడిచాను.
ఆ రాత్రిది:
తొక్క. దాదాపు మూరెడు.