నాలుగో మీట

మధురవాడ కొండ మీద, ఏడో అంతస్తు, ఏసీ చలి.
నా పని బొమ్మల చుట్టూ గీతలు గియ్యడం.
పడవైతే ఒకటో మీట.
మనిషైతే రెండు.
మనిషి చేతిలో ఆయుధముంటే మూడు.
ఒక్కో బొమ్మకి నాలుగు సెకన్లు, అరవై పైసలు.

మొదట్లో నాలుగో మీట కూడా ఉండేది: తెలియదు.
మూడో వారం తీసేశారు.
"తెలియదంటే యంత్రం ఏం నేర్చుకుంటుందమ్మా?"
ఫణీంద్ర గారు నవ్వుతూనే అన్నారు. మంచాయనే.
ఆ రోజు అందరికీ టీ తెప్పించారు.

ఈ బొమ్మలు ఎక్కడికెళ్తాయో ఎవరూ చెప్పలేదు,
దాచనూ లేదు.
మనుషుల్లేని పడవ ఒకటి తయారవుతోందట,
అడక్కుండానే గురి చూసుకునేది,
అడక్కుండానే...
క్యాంటీన్లో ఆ మాట దగ్గర అందరం ఇడ్లీ తుంచుకుంటాం.

నిన్న మధ్యాహ్నం ఒక బొమ్మ.
పైనుంచి తీసింది, ఏ దేశపు నీళ్లో.
తెప్పంత పడవ, దాని మీద ఒకడు
పొడవాటిదేదో ఎత్తి పట్టుకున్నాడు.
యంత్రం ముందే రాసిపెట్టుకుంది:
ఆయుధం, ఎనభై ఏడు శాతం.
నేను ఊఁ అంటే చాలు.

ఎడం కాలి మీద బరువు మోపి నించున్నాడు.
జాలారిపేటలో పుట్టినదాన్ని,
తెడ్డు ఎత్తేవాడు ఎలా నించుంటాడో నాకొకరు చెప్పాలా?
కానీ తుపాకీ ఎత్తేవాడు ఎలా నించుంటాడో
నేనెప్పుడు చూశాను?

మా తాత పరశయ్య చెప్పేవాడు:
"యుద్ధం నాటి సీకటి. ఊరంతా దీపాలార్పేసినారు.
డాల్ఫిన్ నోస్ కాడ గస్తీ పడవ నా మీద లైటేసింది.
తుపాకీ ఎనకాల కుర్రోడు, ఇంకా మీసమైనా రానేదు.
నాకు నోరు పెగల్నేదే గుంటా. దగ్గొచ్చింది.
అంతే. దగ్గినాను.
ఆడు తుపాకీ దించీసినాడు."
దించాక ఆ కుర్రాడి చేతులు
తాత చేతులకంటే ఎక్కువ వణికాయట.

యంత్రానికీ దగ్గు వినపడుతుంది.
ఎంత దూరం నుంచో కూడా చెబుతుంది.
దానికెప్పుడూ గొంతు గరగర పట్టలేదు, అంతే.
గురి తప్పితే మర్నాటికి సరిచేసుకుంటుంది.
గురి తప్పకుండా, తప్పు మనిషికి తగిలితే?
ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయేదెవరు?
పడవా? దానికి ప్రోగ్రాం రాసినాయనా?
టీ తెప్పించిన ఫణీంద్ర గారా?
అరవై పైసలకి నేనా?
అందరికీ పంచితే తలా ఒక
చేప పొలుసంత వస్తుంది పాపం.
పొలుసే కదా, కడుక్కుంటే పోతుంది.

రెండు నొక్కాను. మనిషి.

పొద్దున్న మెయిలొచ్చింది:
మీ ఖచ్చితత్వం తొంభై ఎనిమిది నుంచి తొంభై ఏడుకి పడింది.
కిటికీలోంచి సముద్రం, గసగసాల్లా పడవలు.
ఇంత ఎత్తు నుంచి
ఏది మా నాన్నదో నాకూ తెలియడం లేదు.

తెర మీద ఇంకో బొమ్మ.
ఒకటి, రెండు, మూడు సెకన్లు.
వేలు అలవాటుగా నాలుగు మీదికి వెళ్లింది.
నొక్కాను. ఏమీ కాలేదు.
మళ్లీ నొక్కాను.