తొమ్మిదికీ పదకొండుకీ మధ్య

ఆదివారం రాత్రి ఎనిమిదింపావు.
లైప్‌జిగ్‌లో, కాలువ పక్క మా బీరు కొట్లో
గ్లాసులు కడగడం ఆపేస్తాను.
ఆ గంటన్నరా నల్లా చప్పుడైనా ఎవరూ ఊరుకోరు.
గోడ మీది టీవీలో ఇంకా పేర్లు పడుతుండగానే
చీటీలు పంచుతాను, పెన్సిలు ముక్కలతో సహా.
హంతకుడి పేరు రాసి
ఊరదోసకాయల ఖాళీ సీసాలో వెయ్యాలి.
గెలిచినవాళ్ళకి ఒక బీరు, నా ఖర్చు.

శవం దొరుకుతుంది. ఎప్పుడూ దొరుకుతుంది.
చెరువు గట్టున, కార్ల షెడ్డులో,
ఒకసారైతే చర్చిలో ఆర్గన్ వెనక.
అయ్యో పాపం అనరెవరూ.
కుర్చీలు ముందుకి జరుగుతాయి.

ఎందుకర్రా ఇంత ఇష్టం అని అడిగానొకసారి.
ముప్ఫయ్యేళ్ళు ట్రామ్ నడిపిన రోస్‌విటా అంది:
"టికెట్టు లేనివాడు ఒక్కడైనా
చివరి స్టాపులో దొరకాలి కదా."
పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నూర్జాన్ అంది:
"భయం కావాలి. కాకపోతే
మత్తిచ్చి పన్ను పీకినట్టుండాలి."
కిటికీ పక్క ఎకెహార్ట్ ఏమీ అనలేదు.
ఆయన ప్రతివారం ఒకే మాట రాస్తాడు: తోటమాలి.
కథలో తోటే లేకపోయినా.

నాకేమో ఆ ఇన్‌స్పెక్టరమ్మ ఇష్టం.
తడిసిన కోటైనా విప్పకుండా
ముక్కూమొహం తెలియనివాళ్ళ వంటింట్లో నిలబడి
పోయినామె ఆఖరిసారి ఏం తింది,
ఎవరికి ఫోన్ చేసి మాట్లాడకుండా పెట్టేసింది,
ఎడమ చెవి కమ్మ ఏమైంది
అని ఓపిగ్గా అడుగుతుంది.
చచ్చినవాడి కళ్ళు చారెడంటారు.
బతికున్నన్నాళ్ళూ వాటి రంగేమిటో
ఎవరూ చూసి ఉండరు.

నవంబరులో ఒక ఆదివారం
కిటికీ పక్క కుర్చీ ఖాళీ.
సీసాలో తోటమాలి లేడు.
ఆ వారమే, నమ్ముతారో లేదో,
హంతకుడు తోటమాలి.

అలవాటుగా పోసేసిన బీరు
బల్ల మీద నురగ చచ్చి నిలబడింది.
టీవీ కట్టేశాక కూడా ఎవరూ లేవలేదు.
"చివరిసారి ఎవరు చూశారు?" అంది రోస్‌విటా.
గురువారం, రొట్టెల కొట్లో.
కాదు బుధవారం, ఆ రోజే వాన.
ఇల్లెక్కడ? వంతెన అవతల. అవతలంటే?
ఇంటిపేరు?
పదకొండేళ్ళుగా ఆయన అరచేతిలో చిల్లర పెడుతున్నాను.
నాకూ తెలియదు.

గంటన్నరలో తేలలేదు. నాలుగు రోజులు పట్టింది.
కింది దవడలో కుడివైపు బంగారు పన్ను.
ఆ ఒక్క గుర్తూ పట్టుకుని నూర్జాన్
ఊళ్ళోని పళ్ళ డాక్టర్లందరికీ ఫోన్లు చేసింది.
శవాలని గుర్తుపట్టే పద్ధతిలో
బతికున్న మనిషిని వెతికింది.

ఆసుపత్రి, మూడో అంతస్తు. తుంటి విరిగింది.
హంతకులెవరూ లేరు, ఒక తడి మెట్టు తప్ప.
గెలిచిన బీరు సీసా నా కోటు లోపల చల్లగా తగులుతోంది.
రోస్‌విటా మంచం పక్కకి కుర్చీ లాక్కుని
గొంతు సవరించుకుంది:
"శనివారం రాత్రి
తొమ్మిదికీ పదకొండుకీ మధ్య
మీరెక్కడున్నారు?"

ఎకెహార్ట్ నవ్వబోయి ఆగాడు.
దిండు సర్దుకున్నాడు.
తర్వాత మొదలుపెట్టాడు, నిమిషం వదలకుండా:
ఉల్లిపాయ సూపు, కాస్త మాడింది.
రేడియోలో బ్యాటరీ అయిపోవడం.
చెల్లెలికి ఉత్తరం రాద్దామని కూర్చుని
తారీఖు దగ్గరే ఆగిపోవడం.
మెట్ల కింది పిల్లికి గిన్నెలో పాలు.
"సాక్షులు?"
"పిల్లి," అన్నాడు.
నూర్జాన్ చీటీ వెనక రాసుకుంటోంది.
ఆయన కళ్ళు ఆకుపచ్చవి, కొంచెం బూడిద కలిసిన ఆకుపచ్చ.

వార్డు చివర ఎవరో నల్లా విప్పారు.
"ష్!" అన్నాం ముగ్గురం.