అప్పుల మాట దగ్గర

మా ఇంట్లో జపమాల అంటే
ఎండిన టమాటాలు సీసాల్లోకి సర్దుతూ చెప్పేదే.
గ్రెట్సియా నా ఒళ్లో సగం నిద్రలో.
అత్త కర్మెనా చెవి మిషను తీసేసి,
అందరికంటే ఒక మంగళవార్త జపం ముందు పరిగెడుతూ.
మూడో రహస్యం దగ్గర దండ తెగితే
సల్వు గాలం దారంతో ముడేశాడు.
అక్కడికి రాగానే అది వేలికి గుచ్చుకుంటుంది,
నేను కరెంటు బిల్లులోంచి
దేవుడి దగ్గరికి తిరిగొస్తాను.

నాలుగేళ్లుగా ఇంకో ముడి కూడా తెలుసు నాకు.
పరలోక జపంలో అప్పుల మాట రాగానే
నా భర్త గొంతు దిగిపోతుంది.
పెదాలు కదులుతాయి, శబ్దం ఉండదు.
పంటికింద రాయి పడ్డవాడిలా ఆగి,
శోధన దగ్గర మళ్లీ మాతో కలుస్తాడు.

తమ్ముడు వీజి పడవ ఇంజనుకని తీసుకున్న
మూడు వేల యూరోలు అవి.
సొరుగులో, లెక్కల పుస్తకంలో,
ఎర్ర సిరాతో రెండుసార్లు గీత కొట్టి ఉన్నాయి.

గోజో ఒడ్డున రాతిని తొలిచి
తాత చేసిన ఉప్పు మడులు
ఇద్దరికీ చెరి సగం, మధ్య జానెడు గట్టు.
ఒకే ఎండలో వంగి ఊడుస్తారు,
ఒకరి చీపురు చప్పుడు ఒకరికి వినబడుతూ.
ఆదివారం సల్వు ఆరింటి పూజకి వెళ్తాడు,
వీజి తొమ్మిదింటికి.
ఒకే పూజలో ఉంటే
సమాధానం అంటూ చెయ్యి చాపాల్సొస్తుంది కదా.

మా నినుకి ఏడేళ్లు,
మొదటి సత్ప్రసాదానికి పాఠాలు చదువుతున్నాడు.
"నాన్నా, మనం దేవుడికి ఎంత బాకీ?" అన్నాడు మొన్న.
చెవి మిషను లేకుండానే అత్త విన్నది.
బల్లకంటిన టమాటా గింజని
గోటితో గీకుతూ గీకుతూ
"చాలా" అన్నాడు సల్వు.
ఎంతో చెప్పలేదు.

మరియమ్మ పుట్టిన పండగకి రెండు రోజుల ముందు
రాత్రి పడమర మెరిసింది.
వేసవంతా కూడబెట్టిన ఉప్పు ఆరుబయట, కుప్పలుగా.
వీజి సముద్రం మీదున్నాడు, లంపూకి చేపల కాలం.
వాడి భార్యకి ఎనిమిదో నెల.
సల్వు టార్పాలిన్లు భుజానేసుకుని పరిగెత్తాడు,
టార్చి పట్టుకుని వెనక నేను.
మాకున్నవి రెండు: ఒకటి మంచిది,
ఒకటి మేక కొరికింది.

మంచిదాన్ని గట్టు దాటించాడు.
తమ్ముడి కుప్ప మీద పరిచి
నాలుగు మూలలా రాళ్లు పెట్టి
ఒక్కో రాయినీ కాలితో నొక్కి చూశాడు.
చిరిగినది మాకు.
నిజం చెప్పాలి, నా నోట్లో ఒక తిట్టు తిరుగుతోంది.
పిల్లల బూట్లు ఆ ఉప్పులో ఉన్నాయి,
అత్త కళ్లద్దాలు ఆ ఉప్పులో ఉన్నాయి.
టార్చి మాత్రం కదలకుండా పట్టుకున్నాను.
నాకు చేతనైంది అంతే.

మూడోవంతు పోయింది మాది.

మర్నాటి రాత్రి అప్పుల మాట దగ్గర
నేను సీసా మూత బిగించడం ఆపాను.
గొంతు దిగింది, ఎప్పట్లాగే.
కానీ అడుగున ఏదో గరగరలాడింది,
సగం మాట పైకి తేలి మునిగింది.
నినుకి వినబడిందో లేదో.
అత్త అప్పటికే తర్వాతి పూస మీద ఉంది.

పుస్తకం సొరుగులోనే ఉంది.
మూడు వేలు మూడు వేలే.
పండగనాడు కూడా ఆయన ఆరింటికే వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి గడపలో టార్పాలిన్,
కడిగి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టి.
దాని మీద రెండు లంపూకీలు,
కళ్లింకా మెరుస్తూ.
చీటీ లేదు, మనిషి లేడు.
సల్వు చాలాసేపు అక్కడే నిలబడి
చేపల్ని కాక మడతల్ని చూశాడు.

చేపలకి ఉప్పు పట్టిస్తూ ఆగాను:
ఇది గట్టుకి ఏ పక్కదో?
ఆ రాత్రి చీకట్లో గాలికి
అటూ ఇటూ కలిసిపోయింది కొంత.
ఇంకో చిటికెడు వేశాను.