మూడో షెడ్డులో ఆనవాళ్ళు

ఉపగ్రహాలు రేకుల కప్పు దాకానే వస్తాయి.
ఆ తర్వాత మేమే.

పది రాత్రులు ఆ ఓడల మరమ్మతు షెడ్డులో నడిచాను,
తలకు కెమెరా, నడుం పట్టీలో రెండు బ్యాటరీలు,
నిండు బిందె ఎత్తుకున్నట్టు
ఒలకకుండా.
మల్కాపురం వైపు తలుపు నుంచి
క్రేను పట్టాల వెంట
పంపుల వరస, వాల్వుల వరస,
విరిగిన ప్రొపెల్లరు రెక్క ఆనించిన గోడ.

యంత్రానికి షెడ్డు తెలీదు.
దానికి చుక్కలు తెలుసు.
బోల్టు అంచు ఒక చుక్క,
పెచ్చూడిన సున్నం మూల ఇంకోటి,
పద్నాలుగో స్తంభం మీద ఎవరో ఉమ్మిన కిళ్ళీ
అంచుల నిండా మూడొందలు.
ఆ స్తంభం దగ్గర అది ఎప్పుడూ దారి తప్పలేదు.

కళ్ళద్దాలు పెట్టుకున్న పనివాడికి
గాలిలో ఆకుపచ్చ బాణం కనిపిస్తుంది.
ఇటు తిరుగు, నాలుగడుగులు,
ఈ వాల్వే, ఎడమకు మూడు చుట్లు, ఆగు.
బాణం జానెడు పక్కకి జరిగితే
ఆవిరి ఎవరి ముఖాన కొడుతుందో
నాకొకరు చెప్పనక్కర్లేదు.

పదకొండో రోజు, ఢిల్లీ నుంచి ఎవరో చూడ్డానికొస్తారని
రాత్రికి రాత్రే వెల్ల వేయించారు.

తెల్లారి పరసన్న కళ్ళద్దాలు పెట్టుకుని
నడి షెడ్డులో నిలబడిపోయాడు.
బాణం లేదు.
మీరు ఎక్కడున్నారో తెలియడం లేదు,
నెమ్మదిగా చుట్టూ చూడండి.
చూశాడు. తెలుపు.
మీరు ఎక్కడున్నారో తెలియడం లేదు.
ఇంకోవైపు తిరిగాడు. తెలుపు.
ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న చోట
యాభై నాలుగేళ్ళ మనిషి
గిరగిరా తిరుగుతుంటే
కుర్రాళ్ళు నవ్వారు.
నేను నవ్వలేదు.
ఆ మాట రాసింది నేనే.

టీ దగ్గర అడిగాడు,
"పాపా, ఇది దేన్ని సూసి పోలుస్తాది?"
చెప్పాను: చుక్కలు, మూలలు,
ఒకదానికొకటి ఎంత ఎడమో,
మనం కదిలితే ఏది దేని వెనక్కి పోతుందో.

"ఓస్, కొండలు కలపడవా!"

తెడ్డు పరసన్నది జాలరిపేట.
షెడ్డుకి రాకముందు తండ్రితో తెప్ప మీద పోయేవాడు.
"నీల్ల మీద గీత గీయలేం గదా.
లైటుహౌసు యారాడ కొండ మెడ మీదికి రావాల.
అదొక గీత.
ఉత్తరాన ఇంకో కొండ పక్కనుంచి
దాని ఎనకాలది ఏలెడంత తొంగిసూడాల.
రెండూ కుదిరినకాడ వల దింపితే
కిందన రాయి. రాయి సుట్టూ కోనాం సేప."

ఉత్తరాన ఏ కొండ, అన్నాను.

గ్లాసు అడుగున మిగిలిన టీ
చుట్టూ తిప్పి తాగాడు.
"మా నాయిన నాకొక్కడికే సెప్పినాడు, పాపా."

మరి మంచు పడితే?

"కొండలు కనబడకపోతే లంగరేసి కూకోడవే.
మీ మేనేజరు కొండలకే సున్నవేసీసినాడు."

కొత్త గుర్తుల కాగితాలు హైదరాబాదు నుంచి రావాలి,
వారం పడుతుందన్నారు.
పన్నెండో రాత్రి మళ్ళీ కెమెరా కట్టుకున్నాను,
ఏమీ దొరకదనుకుంటూనే.

వెల్ల వేసి ఒక్క రోజు కాలేదు.
పంపుల దగ్గర అప్పుడే ఎవరిదో గ్రీజు అరచెయ్యి,
కింద బూటు మడమ,
మెట్ల పక్కన పెన్సిలుతో ఒక ఫోను నంబరు,
చివరి అంకె కొట్టేసి మళ్ళీ రాసింది.
పద్నాలుగో స్తంభం మీద
సున్నం లోంచి ఎర్రగా ఊరుతూ
ఆ పాత కిళ్ళీ.

యంత్రం ఒక్కొక్కటే పట్టుకుంది.
రెండు గంటలకు, దూరంగా ఎక్కడో హార్బరు కూత వినబడుతుంటే,
బాణం వచ్చింది.
వాల్వు మీద సరిగ్గా వాలింది.

ఇప్పుడు ఆ షెడ్డులో
ఏ బోల్టు ఎక్కడుందో అంగుళంతో సహా చెప్పగలను.
బీచ్ రోడ్డులో బస్సు దిగినప్పుడల్లా మాత్రం
దక్షిణానికి తిరిగి, లైటుహౌసునీ కొండ మెడనీ
కలిపి చూస్తాను.

ఒక్క గీతే ఉంది నా దగ్గర.
దాని మీద ఎక్కడైనా ఉండొచ్చు
ఆ రాయి.