జత లేని ఎముక

ఉలాన్‌బాతర్ నుంచి గోబీ అంచు బడికి వస్తూ
పెట్టెనిండా అంకెల అట్టలు తెచ్చుకున్నాను.
ఎర్రటి ఐదు, పచ్చటి మూడు, మధ్యన కూడిక గుర్తు.
వాటిని చూస్తే జొల్జయా
ఇసుకగాలికి గొర్రె వంచినట్టు తల వంచేవాడు.

"ఐదూ మూడూ?"
అడిగాను. మళ్ళీ అడిగాను. గొంతు పెంచి అడిగాను.
గొంతు పెంచడం కూడా పాఠమే అనుకునే రోజులవి.
బల్ల కింద వాడి వేళ్ళు వేళ్ళను వెతుక్కునేవి.
రిజిస్టరులో రాసేశాను: లెక్కల్లో వెనకబడ్డాడు.

హాస్టల్ వంటమనిషి దుల్మాకి నా రిజిస్టరు సంగతి తెలియదు.
రాత్రి గిన్నెలు తోమాక, చేతులు తుడుచుకుంటూ
పొయ్యి పక్కన సంచి బోర్లిస్తుంది.
గొర్రె మడమ ఎముకలు.
ఎన్ని చేతులు మారాయో, మీగడ రంగు తేలాయి.
ఉబ్బు పైకొస్తే గొర్రె, గుంట పైకొస్తే మేక,
సన్న అంచున నిలిస్తే గుర్రం, అవతలి అంచున ఒంటె.

గుప్పెడు విసిరి, రెప్పపాటు చూడనిచ్చి,
కొంగుగుడ్డ కప్పేస్తుంది.
"గొర్రెలెన్ని?"
"ఎనిమిది," అన్నాడు జొల్జయా.
"ఐదు ఇక్కడ. మూడు అటు పారిపోతున్నాయి."

వాడు లెక్కపెట్టలేదు. చూశాడు.
మనిషి ముఖం చూసి పేరు పిలిచినట్టు
ఎనిమిదిని చూసి ఎనిమిదీ అన్నాడు.
గుడ్డ తీశాక, తలుపు దగ్గర నిలబడ్డ నేను
గాల్లో వేలు పొడుచుకుంటూ ఒకటి, రెండు, మూడు...
అవును. ఎనిమిదే.

మర్నాడు అట్టలు బీరువాలోకి వెళ్ళాయి.
(నిజం చెప్పాలి, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బయటికొచ్చేవి.)
తక్కిన రోజుల్లో నేలమీదే బడి.
నాలుగు ఎముకలు విసిరి
ఎన్ని గుర్రాలు పడితే అన్ని అడుగులు పందెంలో ముందుకి.
"ఇంకా ఎంత దూరం?"
"మూడడుగులు."
"రెండు పడితే?"
"ఒకటి మిగుల్తుంది టీచర్. ఆ ఒక్కటే ఎప్పుడూ పడి చావదు."

ఖులాన్ తొండి ఆడుతుంది, మోకాలి కింద రెండు దాచి.
దొంగతనానికైనా తీసివేత రావాలి కదా!
పన్నెండంటే ఒకడికి నాలుగు మూళ్ళు, ఒకడికి రెండు ఆర్లు.
జుట్లు పట్టుకున్నారు.
ఇద్దరిదీ ఒకటే పన్నెండని ఒప్పించడానికి పూటంతా పట్టింది.

ఇళ్ళకి కబురు పెట్టాను: హోంవర్కు లేదు, రాత్రిళ్ళు మీరూ ఆడించండి.
ఒక తాత గుర్రమెక్కి వచ్చి మరీ అడిగాడు,
నీకు జీతం ఇస్తున్నది ఇందుకేనా అని.
కూర్చోబెట్టాం. పిల్లల చేతిలో ఓడిపోయి
చీకటి పడేదాకా లేవలేదు.

ఆ ఏడు జుద్ వచ్చింది.
మంచు ఒకసారి కరిగి, మళ్ళీ గడ్డకట్టి
పచ్చికకి ఇనుప మూత బిగించింది.
గిట్టలు కొట్టి కొట్టి చీలాయి. మూత రాలేదు.
పిల్లలు సోమవారాల్లో ఇళ్ళ నుంచి
మాటలు తక్కువ చేసుకుని వచ్చేవారు.

మార్చిలో జొల్జయా నాన్న గుమ్మంలో నిలబడి
బరువైన సంచి ఒకటి నా చేతికిచ్చాడు.
"పిల్లలకి. ఆడుకుంటారు."
కూలిపోకముందే కోసుకున్నవాటివట.
తక్కినవి కొండవాలునే ఉన్నాయన్నాడు.
టీ తాగమన్నాను. తాగకుండా వెళ్ళాడు.

తెల్లటి ఎముకలు. ఇంకా గరుకు పోలేదు.
ఇన్ని ఎముకలతో ఎప్పుడూ ఆడని పిల్లలు
ఈలలు వేశారు.
జొల్జయా వంగి సంచిలోకి చూశాడు.
ఒక గొర్రెకి రెండు.
ఆ భాగహారం నేను వాడికింకా నేర్పలేదు.

చప్పుడు చెయ్యకుండా, జతలు జతలుగా
గోడ వెంబడి పేర్చుకుంటూ పోయాడు.
చివర ఒకటి మిగిలింది.
"బేసి!" అరిచింది ఖులాన్. "ఒకటి ఎక్కడో పడిపోయింది, వెతకండి."
అందరూ బల్లల కింద దూరారు.

వాడు వెతకలేదు.
అంగీ రొమ్ము మడతలోంచి కుడిచెయ్యి తియ్యలేదు.
నేను లెక్క అడగలేదు.