నాలుగు తక్కువ

వేలంలో తూకానికి వచ్చిన జనరేటరు.
పటాలం పచ్చరంగు, పక్కన సగం చెరిగిన తెల్ల నంబరు.
ఏ మంచుకొండ కింద ఎన్ని బల్బులు వెలిగించిందో
దేవరకొండ రోడ్డుకు చెప్పదు.

ఇంజను పని వేరేటోళ్లది.
మాకు దాని మొఖం ఒక్కటే అప్పజెప్పిన్రు:
గుండ్రటి అద్దాల ఎనుక ఐదు ముళ్లు.
ఆయిలు గేజి గొట్టంల కుమ్మరిపురుగు మట్టిగూడు.
ఆంపియరు మీటరు రేకు మీద మేకుతో గీసిన పేరు,
మాకు చదవరాని లిపి.
వోల్టు ముల్లు రెండువందల ఇరవై కాడ నిలబడి ఉంది,
ఒక్క తీగ తగిలించకముందే.
"సచ్చినోడు కండ్లు తెరిసినట్టు" అన్నడు ముత్తిలింగం.

మర్రిగూడెం బోరునీళ్లు తాగి పెరిగిన మెడ ఆయనది.
పక్క మీటరు చూడాలంటే
స్టూలు మీద మనిషంత తిరగాలె.

"ఫ్యాను బందుజెయ్."
చిమటా కొసన వెంట్రుకంత స్ప్రింగు.
రోడ్డు మీద వడ్ల లారీ పోయేదాక
ఇద్దరం ఊపిరి తీయలే.

చెక్కపెట్టెల నుంచి అసలు మీటరు దీసి
పక్కపక్కన పెట్టి, కొంచెం కొంచెం కరెంటు పెంచి,
ప్రతి గీత కాడ గోటితో రెండుసార్లు అద్దం కొట్టి
ఆయన చెప్తుంటే నేను రాసిన.
యాభై కాడ సరే. నూరు సరే. నూటయాభై సరే.
రెండువందల కాడ నాలుగు తక్కువ.

"జరంత ముందుకు జరుపుదామా?"
"పైన సరిజేస్తే కింద సున్న చెడ్తది."

మూత లోపల మైదా జిగురుతో చీటీ అంటించిండు:
రెండువందలు దాటితే నాలుగు కలుపుకోవాలె.
మిల్లు సేటు కండ్లద్దాలు పెట్టుకొని చదివిండు.
కూలిల నాలుగువందలు కోసుకున్నడు.
"నాలుగు తక్కువనే కదా, నువ్వే రాసినవ్!"
ముత్తిలింగం నవ్విండు. నాకు నవ్వు రాలే.

పొద్దుగూకినంక ఇంజను దడదడలాడింది.
ముల్లు వణుక్కుంట పైకి లేచింది.
ఆపితే దిగొచ్చి, సున్నకు ఇవతల
వెంట్రుకమందం మీద ఆగింది.
గోటితో కొట్టిండు. దిగింది.

ఇగ లేద్దామని మోకాలు పట్టుకొని
ఆయన సగంల ఆగిండు.
నడుము అక్కడి నుంచి పైకి రాలే.
నేను అటు మర్రి
షట్టరు తాళంచెవి ఎతికిన,
నా జేబులనే ఉన్నదాన్ని.