ఫెల్

వాన పడుతూనే ఉంది కంబ్రియాలో.
జేబునిండా నిఘంటువు కార్డులు,
ఎడిత్ థ్వెయిట్ వంటింట్లో నా తడి బూట్లు.

"ఫెల్ అంటే?" అన్నాను.
గడ్డం ఎత్తి కిటికీని చూపింది. "అదిగో, కొండ."
కార్డు మూల 'నార్స్' అని రాసుకున్నాను.
కుర్చీమీది గొర్రెతోలు నిమిరి, "ఇదీ ఫెల్లే."
పాత ఇంగ్లీషు.
"గొడ్డలితో చెట్టును కూల్చినా అదే.
కర్కశమన్నా అదే, పుస్తకాల్లో."
అది ఫ్రెంచివాళ్ల సరుకు.
ఒక్క పలుకు,
ఎన్ని ఓడలు దిగిందో!

నాలుగు కార్డులు. టీ చల్లారింది.
"ఇంకేమైనా?"

మేకుకున్న టోపీని సర్దింది,
సరిగ్గానే ఉన్నదాన్ని.
"ఒకటుంది. పడ్డాడు అనడానికి.
మార్చిలో, విల్ఫ్, ఆ పైన."

భూతకాలం, అని రాశాను.
ఉదాహరణ వాక్యం గడి
ఖాళీగా వదిలేశాను.